పట్టాలో లేని పేర్లు

పుంగనూరుకు దగ్గరలో ఉన్న మా పల్లెలో, పాతయింటి అటకమీద ఒక రేకుపెట్టె ఉండేది. నాయన పోయిన తర్వాత భాగాలు పంచుకునే రోజున ఎద్దులబండికీ ఇత్తడి బిందెలకూ వాటా అడిగినవాళ్లు ఉన్నారు గాని, ఆ పెట్టెకు వాటా అడిగినవాళ్లు లేరు. చరిత్ర పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ని గనుక దాన్ని నాకు వదిలేశారు. తెరిచి చూస్తే చెదలు తిన్న పట్టాలు, కిస్తు రసీదులు, ఒక భాగపరిష్కార దస్తావేజు, కొన్ని ప్రామిసరీ నోట్లు, ఒక జాతకచక్రం కనిపించాయి. నాలుగు తరాల మగవాళ్ల పేర్లు వాటిలో దొరికాయి. ఒక్క ఆడమనిషి పేరు కూడా దొరకలేదు. వాళ్లు నాటి, కలుపు తీసి, కోసిన పంటకు కట్టిన పన్నుకు రసీదు ఉన్నది. వాళ్లు మాత్రం లేరు.

ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు నాకు తోచిన ప్రశ్ననే ఈ వ్యాసంలో చర్చించదలచాను. రైతింటికి చరిత్ర ఉన్నదా? ఉంటే దాన్ని దేనితో వ్రాయాలి? ఎవరు వ్రాయాలి?

పాలెగాళ్ల వంశచరిత్రలకు మనకు కొరత లేదు. మెకంజీ దొర పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో సేకరింపజేసిన కైఫియత్తులలో పాలెగాళ్ల కథలున్నాయి, గుళ్ల కథలున్నాయి. కాక్సు 1881లో ప్రకటించిన ఉత్తరార్కాటు జిల్లా మాన్యువల్‌లో పుంగనూరు, కంగుంది జమీందారులకు చోటు దొరికింది. కుప్పం ఆ కంగుంది జమీలోదే. ఆ జమీందారులను పోషించిన వేలాది ఇళ్లు మాత్రం అదే పుస్తకంలో జనాభా అంకెలుగా, సాగు ఎకరాలుగా, వసూలైన రూపాయలుగా కనిపిస్తాయి. పాలించినవాడికి వంశం, పండించినవాడికి అంకె. చరిత్ర రచనలో వర్గ దృష్టి ఎట్లా పనిచేస్తుందో చెప్పటానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

జవాబు వెదుక్కుంటూ నేను ఒక అమెరికా కుటుంబం దగ్గరకు పోవలసి వచ్చింది. ఆ కుటుంబం కథలో ఒక ముఖ్యమైన భాగం మదనపల్లెలోనే జరిగింది కాబట్టి అది మనకు పూర్తిగా పరాయిది కాదు. జేకబ్ ఛాంబర్లెన్ అనే మిషనరీ వైద్యుడు 1835లో కనెక్టికట్ రాష్ట్రంలోని షారన్‌లో పుట్టాడు. అతనికి మూడేళ్లున్నప్పుడు కుటుంబం ఒహాయోలోని హడ్సన్‌కు తరలిపోయింది. ఆ సేద్యపు సీమలో పెరిగి, అక్కడి వెస్టర్న్ రిజర్వు కాలేజీలో 1856లో పట్టం పుచ్చుకొని, వైద్యమూ మతశాస్త్రమూ చదివి, 1859 చివర భార్య షార్లెట్‌తో ఓడ ఎక్కాడు. 1863 నుంచి మదనపల్లె అతని కార్యస్థానమయింది. 1908లో మదనపల్లెలోనే మరణించాడు.

అటువంటి ఊళ్లో పుట్టిన మనుమడెవరైనా తన సేద్యపు కుటుంబం చరిత్ర వ్రాయదలిస్తే అతనికి ఆధారాలు ఎన్ని! ఇంటి బైబిలు మధ్య పుటల్లో జననాలు, పెళ్లిళ్లు, మరణాలు వ్రాసి ఉంటాయి. భూమి కొన్న దస్తావేజు, మరణశాసనం, సమాధి రాయి ఉంటాయి. అన్నిటికీ మించి జనాభా లెక్కలున్నాయి. 1790 నుంచి 1840 దాకా ఆ లెక్కల్లో కూడా ఇంటి యజమాని పేరే ఉండేది. మిగిలినవాళ్లు గీతలు, అంకెలు. 1850లో మార్పు వచ్చింది. స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరు, వయస్సు, పుట్టిన చోటు వ్రాశారు. ముసలి తల్లి, చంటిపిల్ల, ఆ ఇంట్లో పనిచేసే కూలివాడు కూడా పేరుతో చరిత్రలోకి వచ్చారు.

ఇంతవరకు చూసి ముచ్చటపడి ఊరుకుంటే మనం సగమే చూసినట్లు. ఆ హడ్సన్ భూమి ఎక్కడిది? 1795లో కనెక్టికట్ ల్యాండ్ కంపెనీ అనే వ్యాపారుల కూటమి పన్నెండు లక్షల డాలర్లకు ఆ సీమను రాష్ట్ర ప్రభుత్వం దగ్గర కొన్నది. అదే సంవత్సరం గ్రీన్‌విల్ ఒడంబడికతో, యుద్ధంలో ఓడిన ఆదివాసీ జాతులచేత ఒహాయోలో ఎక్కువ భాగాన్ని వదిలింపజేశారు. 1799లో డేవిడ్ హడ్సన్ వచ్చి ఊరు కట్టాడు. కొన్నవాడికి దస్తావేజు మిగిలింది; పోగొట్టుకున్నవాడికి ఒడంబడిక కింద ఒక గుర్తు మిగిలింది. అదే 1850 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉన్నది. అందులో యజమాని పేరు ఉంటుంది. బానిసకు వయస్సు, ఆడా మగా, రంగు ఉంటాయి. పేరు ఉండదు. విముక్తి పొందిన నల్లజాతివాళ్లు అందరూ పేర్లతో కనిపించేది 1870 లెక్కల్లోనే. ఈనాటికీ నల్లజాతి కుటుంబాలు తమ పెద్దలను వెదుక్కుంటూ పోయి ఆ 1870 గోడ దగ్గర ఆగిపోతున్నారు.

అదే హడ్సన్‌లో జాన్ బ్రౌన్ పెరిగాడు. 1837లో ఆ ఊరి ప్రార్థన సభలోనే, బానిసత్వాన్ని రూపుమాపటానికి జీవితాన్ని అర్పిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. 1859 డిసెంబరు 2న అతన్ని ఉరితీశారు. ఒకే మట్టిలో పెరిగినవాళ్లలో ఒకడు ఉరికంబానికి ఎక్కిన ఏటి చివరనే మరొకడు మనదేశానికి ఓడ ఎక్కాడు. ఒక్కొక్క రైతింటి గడప ముందు ప్రపంచ చరిత్ర ఎన్ని దారులుగా చీలుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక మన మూడు ఊళ్లకు వద్దాము. మదనపల్లె తాలూకా, 1800లో నిజాము కుంఫిణీవారికి ధారపోసిన దత్తమండలాలలో, కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ఉత్తరార్కాటు జిల్లా జమీలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడూ ఒక్క చోట చేరాయి. 2022లో మదనపల్లె మరల విడిపోయి అన్నమయ్య జిల్లాలో కలిసింది. ఈ సరిహద్దుల మార్పు చరిత్ర విద్యార్థికి చిన్న విషయం కాదు. ఒక్క కుటుంబం కాగితాలకోసం కడపలో, చిత్తూరులో, మద్రాసులో వెదకవలసి వస్తుంది.

మదనపల్లె వైపు రైత్వారీ. 1800 నుంచి 1807 దాకా మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. అతని ఉద్యోగులు చేను చేనుకూ కొలత వేసి, తరం కట్టి, తీరువ నిర్ణయించారు. ప్రతి ఏటా జమాబందిలో సర్కారుకూ రైతుకూ మధ్య లెక్క తేలేది. రైతు పేరు మొదటిసారి సర్కారు దస్త్రంలోకి ఎక్కిన పద్ధతి ఇది. అది ఎందుకు ఎక్కిందో మరువరాదు. పంటలో దాదాపు నూటికి నలభైఐదు పాళ్లు పన్నుకింద పోతున్నదని మన్రోయే 1807లో ఒప్పుకొని, దాన్ని మూడోవంతుకు తగ్గించవలసిందని సిఫారసు చేశాడు. ఆ తగ్గింపు అమలుకు రావటానికి, అతను గవర్నరై తిరిగివచ్చిన 1820 దాకా ఆగవలసి వచ్చింది. మన రైతు పేరు మీద సర్కారుకు కలిగిన ఆసక్తికి కారణం ఆ నలభైఐదు పాళ్లు.

పుంగనూరు, కుప్పం వైపు జమీందారీ. అక్కడ రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు, అతని దివాను, అతని అమీనులు. 1865 చట్టం ప్రకారం జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు జమీందారుకు ముచ్చిలిక వ్రాసివ్వాలి. అక్షరం రానివాడు దాని కింద నిశానీ పెట్టేవాడు. 1908 ఎస్టేటు భూముల చట్టం రైతుకు సాగుహక్కు చెప్పింది. 1948 చట్టంతో జమీలు రద్దయి, ఆ భూములు సర్వే అయి, సెటిల్మెంటు అడంగళ్లు తయారయ్యాయి. అంటే మదనపల్లె రైతు వంశాన్ని సర్కారు దస్త్రాల్లో నూటయాభై ఏళ్లకు పైగా వెనక్కు వెదకవచ్చు. కుప్పం రైతుకు ఆ దారి చాలా ముందే మూసుకుపోతుంది. భూసంబంధం మారితే చరిత్రకు దొరికే ఆధారమే మారుతుంది.

ఈ దస్త్రాలు ఏమి దాచాయో తెలుసుకోవాలంటే 1855 నాటి మద్రాసు హింసల విచారణ సంఘం నివేదిక చదవాలి. కిస్తు కట్టలేని రైతును వంచి మెడకూ కాళ్లకూ తాడు కట్టి ఎండలో నిలపటం, వేళ్లను కిట్టిలో నొక్కటం మొదలైనవి అందులో ఉన్నాయి. మార్క్సు 1857 సెప్టెంబరులో న్యూయార్కు డెయిలీ ట్రిబ్యూనులో ఈ హింసలను గురించి వ్రాశాడు. ఆ పత్రిక వారపు కూర్పు ఉత్తర అమెరికా రైతు ఇళ్లలో విరివిగా చదివేవారు. మద్రాసు రాజధాని రైతు వీపుమీది దెబ్బల సంగతి తెలుగు అచ్చులో చదువుకునే అవకాశం మన పల్లెలకు లేని రోజుల్లో, ఆ వార్త సముద్రాలు దాటి మరొక సేద్యపు సీమకు చేరింది. మా పెట్టెలో కిస్తు రసీదు ఉన్నది. కిస్తు ఎట్లా వసూలయిందో రసీదు చెప్పదు.

ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మా పెట్టెలో ఫసలీ 1286కు, అంటే 1876-77కు, రసీదు లేదు. ఆ తర్వాతి పట్టాలో రెండు చేలు తగ్గాయి. కాగితం చెప్పింది ఇంతే. మిగిలింది మా అవ్వ చెప్పేది. ఆమెకు సంవత్సరాల అంకెలు తెలియవు. "ధాత కరువు" తెలుసు. ధాత నామ సంవత్సరంలో వానలు పోయి చెరువులు ఎండి, రాగులు, కొర్రలు కళ్లజూడక, తన అత్త కలబంద గడ్డలు ఏడు నీళ్లలో ఉడకబెట్టి పిల్లలకు పెట్టిందని చెప్పేది. దొడ్లో పెద్ద ఎద్దులు రెండూ పోయాయట. పొట్టి పుంగనూరు ఆవు ఒక్కటి మిగిలిందట. కొండగడ్డి కొరికి బ్రతికే జాతి అది.

ఆ కరువు 1876 నుంచి 1878 దాకా సాగింది. మొత్తం దేశంలో అరకోటికి పైగా జనం చనిపోయారని చరిత్రకారులు అంచనా వేశారు. 1877లో సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిచేసే మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమూ కొద్ది డబ్బులుగా కుదించాడు. ఈ పెద్ద విషయాలు మనకు పుస్తకాల్లో దొరుకుతాయి. కాని రెండు చేలు ఎట్లా పోయాయో, ఏడు నీళ్లు ఎందుకు మార్చారో ఇంటి చరిత్ర మాత్రమే చెబుతుంది. ఒకదాన్ని విడిచి రెండోదానికి అర్థం లేదు. మరొక చిత్రం చూడండి: నాడు పేదరైతు దొడ్లో కరువును దాటిన ఆ ఆవు సంఖ్యలో బాగా క్షీణించి, పలమనేరు పరిశోధనా కేంద్రంలో కాపాడవలసిన జాతి అయింది. ఇప్పుడు ధనవంతులు వేడుకకు లక్షలు పోసి కొని హాలులో కట్టుకుంటున్నారు. ఆవుకు వంశపత్రిక వచ్చింది. దాన్ని మేపినవాడికి రాలేదు.

కరువు తర్వాత మా కుటుంబం చీలింది. ముత్తాత తమ్ముడి సంతతి కుప్పం చేరింది. 1864 నుంచి బెంగుళూరు రైలు ఆ దారిన నడుస్తున్నది. 1880 తర్వాత కోలారు బంగారు గనుల్లో జాన్ టెయిలర్ కంపెనీ పని సాగించింది. చేను లేనివాడు, ఉన్నా నీళ్లు లేనివాడు, కుప్పంలో రైలెక్కి గనిలోకి దిగాడు. రైతు కూలివాడయ్యే క్రమాన్ని మనం గ్రంథాలలో చదువుతాము; మా ఇంట్లో అది ఒక రైలు టిక్కెట్టు దూరం. 1930లో ఆ గనికార్మికులు పెద్ద సమ్మె చేశారు. కార్మికులను వేలిముద్రలతో నమోదు చేయాలన్న నిబంధనమీద రగిలిన సమ్మె అది. జమీందారు ముచ్చిలిక మీద, షావుకారు నోటు మీద తాతలు వేసిన వేలిముద్ర ఏమి తెచ్చిపెట్టిందో తెలిసిన మనుమలు, కంపెనీ పుస్తకం ముందు చేయి వెనక్కు తీసుకున్నారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

వేలిముద్రల మాట వచ్చింది గనుక, నేను దాటవేయాలని చాలాకాలం ప్రయత్నించిన విషయం చెబుతాను. మా పెట్టెలోని ప్రామిసరీ నోట్లలో మూడు ఒక్కడివే. అణా స్టాంపు మీద నల్లని వేలిముద్ర. మూడేళ్లకు ఒక నోటు చొప్పున తిరగవ్రాసినవి. మూడేళ్లు దాటితే బాకీకి కాలదోషం పడుతుంది గనుక, గడువు లోపల అసలుకు వడ్డీ కలిపి కొత్త నోటు వ్రాయించేవారు. మొదటి నోటుకన్న రెండోది పెద్దది, రెండోదానికన్న మూడోది పెద్దది. అప్పు ఇచ్చినవాడు మా తాత. వేలిముద్ర వేసినవాడు మా జీతగాడు, మాలపల్లె మనిషి. వడ్డీ కింద అతను మా చేలు దున్నాడు. తర్వాత అతని కొడుకు దున్నాడు. ఇటువంటి వెట్టిని చట్టం రద్దు చేసింది 1976లో.

కరువులో రెండు చేలు పోగొట్టుకున్న ఇల్లే ఒక తరం తర్వాత మరొకరి రెక్కలు తాకట్టు పట్టింది. మొదటి సగాన్ని మా బంధువులు గర్వంగా చెప్పుకుంటారు; రెండో సగం చెప్పరు. నేను ఆ మూడు నోట్లు తీసుకొని జీతగాడి మనుమడి ఇంటికి పోయాను. ఆయన నాకన్న పెద్దవాడు. వాటిని చేతిలో పట్టుకొని చాలాసేపు చూసి, "మా తాత చెయ్యి ఇంత చిన్నదా అయ్యా?" అన్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆయన తాతకు ఫోటో లేదు, పట్టా లేదు. ఆయన శరీరానికి ప్రపంచంలో మిగిలిన గుర్తు ఆ మూడు ముద్రలే. అవి మా పెట్టెలో ఉన్నాయి. వాటిని అక్కడే ఇచ్చి వచ్చాను.

ఆ ఇంట్లోనే మరొక విషయం తెలిసింది. వారి అవ్వ పేరు, అవ్వ తల్లి పేరు వారికి తెలుసు. అవి మిషనువారి జ్ఞానస్నానపు పుస్తకంలో ఉన్నాయి. మిషనరీలు సామ్రాజ్యపు నీడలో వచ్చినవారే. తమ పుస్తకాలలో ఆ పేర్లు వ్రాసుకున్నది తమ లెక్కకోసమే. అయినా కరణం పుస్తకం పట్టించుకోని మనిషికి, భార్యకు, బిడ్డకు అక్కడ పేరు దొరికింది. చరిత్రలో ఒక సంస్థ ఉద్దేశ్యం వేరు, దాని కాగితం మనకు చేసే మేలు వేరు. రెంటినీ విడదీసి చూడటం చరిత్ర విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం.

నోటిమాట చరిత్ర మనకు లేకపోలేదు. భూవసతి ఉన్న కాపుల ఇళ్లకు పిచ్చిగుంట్లవారు వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పి ధాన్యం పుచ్చుకొనేవారు. మాదిగలకు డక్కలివారు ఉన్నారు. ఈ సంపద మరుగున పడుతున్నది, దాన్ని వ్రాసిపెట్టుకోవాలి. కాని కళ్లు మూసుకొని నమ్మరాదు. గింజలు పెట్టే చేతిని బట్టి పాట పెరుగుతుంది, తరుగుతుంది.

కొందరు మిత్రులు ఇక్కడ ఆక్షేపించవచ్చు. వర్గాల చరిత్ర వ్రాయవలసిన మనకు కుటుంబాల గొడవ ఎందుకు, ఇది కులాభిమానానికి దారితీయదా అని. ఈ భయం నిరాధారం కాదు. ఊరూరా కులసంఘాలు అచ్చువేస్తున్న వంశచరిత్రలలో ప్రతి కులమూ ఒక రాజ్యం ఏలినట్లే ఉంటుంది. ఆ పుస్తకాల్లో కిస్తు ఉండదు, నోటు ఉండదు, వేలిముద్ర అసలే ఉండదు. కాని ఆ రోగానికి మందు ఇంటి చరిత్రను విడిచిపెట్టటం కాదు. ఇంటి కాగితాలన్నీ బయటపెట్టి, అప్పు తీసుకున్నదీ ఇచ్చిందీ ఒక్కచోట వ్రాయటమే మందు. వర్గమనేది ఆకాశంలో ఉండదు; ఒక పట్టాకూ ఒక నోటుకూ మధ్య, ఒకే అటకమీద ఉంటుంది.

ఈ పనికి వ్యవధి తక్కువగా ఉన్నది. 1921లో వాషింగ్టనులో మంటలు లేచి అమెరికా 1890 జనాభా లెక్కల కాగితాలు చాలావరకు నాశనమయ్యాయి. ఒక తరం రైతులు, కూలీలు, కొత్తగా విముక్తులైనవాళ్ల బిడ్డలు ఆ మంటలో కలిసిపోయారు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు ఎన్నో దగ్ధమయ్యాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తర్వాత పల్లెల్లో చెల్లాచెదరయిన లెక్కలు ఎన్నో. మన జనాభా లెక్కల్లో అంకెల పట్టికలు అచ్చయ్యాయి గాని, పంతొమ్మిదో శతాబ్దపు ఇంటింటి కాగితాలు మిగలలేదు. కాబట్టి మన రైతుకూ కూలికీ మిగిలిన ఆధారం అటకమీది పెట్టె, ముసలివాళ్ల జ్ఞాపకం. రెండూ చెదలకు లోబడినవే.

విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నేను చేసే సూచన చిన్నది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపొండి. మగవాళ్లను భూమి గురించి అడగండి. ఆడవాళ్లను కరువుల గురించి, కాన్పుల గురించి, ఏ నగ ఎప్పుడు తాకట్టుకు పోయిందో దాని గురించి అడగండి. తర్వాత మీ చేలు దున్నినవారి ఇంటికి పోయి అదే కథ అడగండి. రెండు కథలూ కలవవు. కలవని చోటే చరిత్ర మొదలవుతుంది.

చివరకు ఒక్క మాట. ధాత కరువులో కలబంద గడ్డలు ఉడకబెట్టిన ఆ ముత్తవ్వ పేరు ఎవరికీ జ్ఞాపకం లేదు. అందరూ "పెద్దవ్వ" అనేవాళ్లే. నిరుడు మా చిన్నాయన కొడుకు ఇంటికి పోయినప్పుడు, భాగాల్లో అతనికి వచ్చిన ఇత్తడి బిందెను చింతపండుతో తోముతున్నారు. అంచు కింద ఏవో అక్షరాలు మెరిశాయి. పెళ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన బిందె. పేరు చెక్కించి ఇచ్చారు. మూడక్షరాల పేరు. పట్టాలో లేదు, రసీదులో లేదు, దస్తావేజులో లేదు. రోజూ నీళ్లు మోసిన బిందె మీద ఉన్నది. ఆనాడు ఆ బిందెలకోసం తగవుపడ్డ మాలో ఒక్కరమూ దాన్ని తిప్పి చూడలేదు.